బతుకు లైబాకు, వంశం నాకు

మా బాపు తన పుల్లను లైబా చేతికిచ్చినప్పుడు నేను అరుగు కింద కూర్చుని చింతగింజలు నూరుతున్నాను.

అది ఉత్త పుల్ల కాదు. పటం గోడకు వేలాడదీసి, ఒక్కో బొమ్మను చూపిస్తూ కథ చెప్పే పుల్ల. మా తాత పట్టుకున్నది, తాత తండ్రి పట్టుకున్నది. దానికి పట్టిన దుమ్మును నేను ఎన్నోసార్లు తుడిచాను. తుడుస్తూ ఒక్కసారి పైకి ఎత్తినా సరే, "కింద పెట్టు బిడ్డా" అనేవాడు బాపు. కోపంగా కాదు, పాలగిన్నె దగ్గరికి పోయే పిల్లిని అదిలించినట్టు. అలాంటి పుల్లను మ్యాచింగ్ సెంటర్ జియావుల్లా బిడ్డ, బడిలో నా పక్కన కూర్చునే లైబా, మా అరుగు మీద నిలబడి ఆడిస్తోంది.

"గొడ్డలి పట్టినట్టు పట్టకు బిడ్డా. పెన్ను పట్టినట్టు పట్టు."

"గిట్లనా కాకా?"

"ఆఁ, గిట్లనే. శాబాష్! నీ చెయ్యి కతకు పుట్టిందే పిల్లా."

నా చెయ్యి దేనికి పుట్టిందో బాపు ఎన్నడూ చెప్పలేదు. ఆ చెయ్యి అప్పుడు చింతగింజలు నూరుతోంది. పటం బట్టకు పూయడానికి ఆ పిండితో అంబలి కాచాలి, అందులో సుద్దమట్టి కలపాలి. అంత గట్టిగా ఎందుకు నూరుతున్నానని అవ్వ, అంటే మా అమ్మ, అడిగింది. గింజలు గట్టిగా ఉన్నాయన్నాను.

మేము పటం కథ చెప్పేవాళ్లం. నేత పని చేసే ఇండ్ల ముందర పటం కట్టి, వాళ్ల మూలపురుషుల కథ, వాళ్ల వంశం చెప్పి, వాళ్లు ఇచ్చింది తెచ్చుకోవడం మా వృత్తి. ఏ ఊళ్లో ఎవరు చెప్పాలన్నదానికి హక్కు ఉంటుంది. దాన్ని మిరాశి అంటారు. పొలాలు పంచుకున్నట్టే మాలో అన్నదమ్ములు ఊళ్లు పంచుకుంటారు. తాత పోయాక వాగు అవతలి ఊళ్లు బాపుకు వచ్చాయి, ఇవతలి ఊళ్లు చిన్నబాపు రామచంద్రానికి పోయాయి.

కథ వచ్చినవాళ్లకే ఊరి మీద హక్కు. అందుకే మా ఇంట్లో ఆడపిల్లకు కథ నేర్పరు. నేర్చుకున్న పిల్ల పెళ్లయి వెళ్లిపోతే, రేపు దాని మొగుడు వచ్చి "నా పెండ్లానికి కత వస్తది, మాకూ ఊళ్లియ్యిండ్రి" అంటాడని భయం. మా తాతల కాలంలో ఒక అల్లుడు నిజంగానే వచ్చి అలా అడిగాడట. ఆ కొట్లాటలో ఒక ఇంటివాళ్లు ఇంకో ఇంటి చావుకు కూడా పోలేదట.

లైబాకు ఆ ఇబ్బంది లేదు. ఆమెకు ఎవరు మొగుడైనా సాలెవాడలో వాటా అడగడు. కాబట్టి ఆమెకు నేర్పవచ్చు. బాపుకు ఇది ఎంత తేలికగా తోచిందో నాకు అంత మంట పుట్టించింది. పరాయి పిల్ల కాబట్టి లైబా నేర్చుకోవచ్చు. సొంత బిడ్డను కాబట్టి నేను నేర్చుకోకూడదు.

ఇదంతా కైలాసం సార్ వల్ల వచ్చింది. సార్ మాకు సోషల్ చెబుతారు. కరీంనగర్‌లో బడి పిల్లలకు కథల పోటీ పెట్టారని, వేరే దేశపు పాలకురాలి కథను మన దగ్గరి పద్ధతిలో చెప్పాలని, ఒక్కో బడి నుంచి ఇద్దరు రావచ్చని చెప్పారు. మా బడికి వచ్చిన పేరు కెలెయా. హవాయి దీవుల్లో కొన్ని వందల ఏళ్ల కింద పుట్టిన ఆడ దొర. సార్ ఆమె గురించి కొన్ని కాగితాలు తెచ్చి ఇచ్చారు.

"మమతారాణీ, మీ ఇంట్లనే పటం ఉన్నది గదా. బొమ్మలు నువ్వు వెయ్యి. వంత కూడా నువ్వే పాడు. కథ లైబా చెప్తది," అన్నారు సార్.

ఎవరు చెబుతారని క్లాసులో అడగనే లేదు. అడిగినా నేను చెయ్యి ఎత్తేదాన్ని కాదు. హాజరు పిలిచినప్పుడు నేను పలికేది సార్‌కు వినపడక, లైబానే "ఉన్నది సార్, ఈడనే ఉన్నది" అని చెబుతుంది. ఆమె నా గొంతు కూడా తనే వాడుకుంటుందని నాకు చాలాసార్లు అనిపించేది.

మొదటి రోజు అరుగు మీద కూర్చుని లైబా ఆ కాగితాలు చదివి వినిపించింది. బాపు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. కొత్త ఇంటి వంశం వినేటప్పుడు అలాగే కూర్చుంటాడు. అవ్వ బీడీల చాట ఒడిలో పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది.

"ఏ ఊరు పిల్ల?" అన్నాడు బాపు.

"మావుయి అని ఒక దీవి కాకా. సముద్రం నడుమ ఉంటది."

"గోదారంత ఉంటదా ఆ సముద్రం?"

"అరే కాకా! గోదారి దాంట్ల చెంబెడు."

"చెన్నూరుకాడ వానకాలం గోదారిని చూసి మాట్లాడు. సరే, ఇంటిపేరేంది?"

"వాళ్లకు ఇంటిపేర్లు లెవ్వు."

"గోత్రం?"

"అదీ లేదు."

"ఇంటిపేరు లేదు, గోత్రం లేదు. మరి పిల్లనెట్ల ఇచ్చిండ్రు?"

"ఇయ్యలే గదయ్యా, ఎత్తుకపోయిండ్రంటున్నది. జర సక్కగ ఇను," అంది అవ్వ.

లైబా చెప్పింది. కెలెయా తండ్రి మావుయి దొర కహెకిలి. అన్న పేరు కవావో, తండ్రి తర్వాత అతనే దొర. కెలెయాకు పెళ్లి మీద ధ్యాస లేదు. పొడవాటి చెక్క పలక తీసుకుని సముద్రంలోకి పోవడం, అల లేచినప్పుడు పలక మీద నిలబడి ఒడ్డు దాకా రావడం, ఇదే ఆమె పని. అలల మీద ఆమెను మించినవాళ్లు ఆ దీవిలో లేరు. అవతలి దీవి ఒవాహులో లో-లాలె అనే దొరకు పిల్ల కావలసి వచ్చింది. పిల్లను వెతకడానికి అతని చిన్నాయన కొడుకు కలమకువా పడవలు వేసుకుని బయల్దేరాడు. అల మీద నిలబడి వస్తున్న కెలెయాను చూశాడు. మా పడవ ఎక్కు, పడవతో కూడా అలలు ఎక్కవచ్చు అన్నాడు. ఆమె ఎక్కింది. రెండు మూడు అలలు ఆడించి, పడవను తిప్పి తన దీవికి తీసుకుపోయాడు.

"తిప్పుడేంది! నమ్మి ఎక్కితే గంత పనా?" అంది అవ్వ.

"ఆగు చిన్నమ్మా, ఇంకా ఉన్నది."

లో-లాలె ఇల్లు సముద్రానికి దూరం, గుట్టల మీద. అక్కడ కెలెయాకు ముగ్గురు పిల్లలు పుట్టారు. మొగుడు మంచివాడే, కానీ ఆమెకు అల చప్పుడు వినపడదు. ఒకరోజు నేను సముద్రం దగ్గరికి పోతానంది. అతను ఆపలేదు. ఒడ్డుకు వచ్చింది. అక్కడ ఉండే కలమకువానే పెళ్లి చేసుకుంది.

"తెచ్చినోన్నే చేసుకున్నది. మారుమనువు. మనోళ్లల్ల లేదా ఏంది," అన్నాడు బాపు. "పిల్లలు?"

"కలమకువాతోని ఒక బిడ్డ. లయిలొహెలొహె."

"పేరా, జోలపాటనా?" అంది అవ్వ. లైబా పడీ పడీ నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది కానీ ఆమె నవ్విందని మింగేశాను.

"ఆ బిడ్డను ఎవలకిచ్చిండ్రు?"

"మావుయి దొర పియిలానికి. ఆయన కవావో కొడుకు."

బాపు కళ్లు తెరిచి తొడ మీద చరిచాడు. "కవావో అంటే కెలెయా అన్న గదనే! అన్న కొడుక్కు చెల్లె బిడ్డ. మేనరికం! గోత్రం లేదంటివి, గిదే గోత్రం. మనోళ్లేనే వాళ్లు!"

"అరే వాహ్! నాకు తట్టనే లేదు కాకా."

నాకు ముందు రోజే తట్టింది. కాగితాలు మొదట చదివింది నేనే. చదవగానే మేనరికం అని అర్థమై, బాపుకు చెబుదామని రెండుసార్లు ఆయన మంచం దాకా పోయి మంచినీళ్లు పెట్టి వచ్చాను. ఇప్పుడు ఆ మాట తను చెప్పకపోయినా, తను చదివితే బాపుకు తెలిసినందుకు లైబాదే అయిపోయింది.

ఆ తర్వాత బడి వదలగానే లైబా మా ఇంటికే వచ్చేది. అవ్వ ఆమెకు చాయ్‌లో చక్కెర ఎక్కువ వేసేది. నాకెందుకు వెయ్యవంటే "నువ్వు అడగవు గదనే" అనేది. బాపు ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆగి జనం ముఖాలు చూడాలో చెప్పేవాడు. ఒకరోజు, నేను ఇన్నేళ్లు వినని మాట చెప్పాడు.

"వంశం చెప్పేటప్పుడు పేరు యాదికి రాకుంటే ఆగద్దు, పరేషాన్ కావద్దు. వంత దిక్కు చూడాలె. వంత 'ఎవరి బిడ్డ?' అని అడుగుతది. జనం వంత దిక్కు చూస్తరు. గంతల నీకు యాదికొస్తది. వంత ఉన్నది ఊకెనే అనుకున్నవా? మమతా, ఇన్నవా, గదీ నీ పని."

నా పని అదన్నమాట. లైబాకు గుర్తు రానప్పుడు జనం చూడవలసిన ముఖం నాది. బాపుకు చిన్నప్పటి నుంచి వంత పాడేది చిన్నబాపు. బాపు మరిచిపోతాడని, మరిచిపోయినప్పుడు ఇలా దాటిస్తాడని, అది మా ఇంటి గుట్టని నాకు అంతవరకు తెలియదు. అది కూడా లైబా చేతిలో పెట్టాడు.

బొమ్మలు వెయ్యడం మాత్రం నాకు ఇష్టంగానే ఉండేది. నూలు బట్టకు అంబలి పూసి ఎండబెట్టి, అల గీశాను, పలక గీశాను. కెలెయా ముఖం ఎంత గీసినా లైబా ముఖంలాగే వచ్చేది. ముక్కు మార్చినా, జుట్టు విరబోసినా అదే. చివరికి వీపు ఇటు తిప్పి గీశాను.

లైబా ట్యూషన్‌కు పోయిన ఒక సాయంత్రం, గుట్టలకు రంగు వేస్తూ నాకు తెలియకుండానే కథ పైకి చెబుతున్నాను. కుంచెతో బొమ్మ చూపిస్తున్నాను కూడా. మోటార్ సైకిల్ ఆగిన చప్పుడు వినలేదు.

"అన్నా! గిదేంది? పొల్ల కత చెప్తున్నది!" అన్నాడు చిన్నబాపు గుమ్మంలో నిలబడి.

బాపు లోపలి నుంచి వచ్చాడు. "బొమ్మలేస్తున్నది రా."

"నోరు గూడ బొమ్మలేస్తదా? రేపు అల్లుడొచ్చి వాగొడ్డుకు నిలబడితే ఏ ఊరిస్తవ్? నీ దిక్కుదిస్తవా, నా దిక్కుదిస్తవా?"

"లైబా చెప్తుంటే నువ్వేమనలే గద."

"ఆ పిల్ల సంగతి వేరే. జియావుల్లా అల్లుడు వచ్చి మన సాలోళ్లను అడుగుతడా? నీ అల్లుడు అడుగుతడు."

నాకు అప్పటికి పద్నాలుగు దాటి పదిహేను వచ్చింది. ఎక్కడున్నాడో, ఎవరో తెలియని ఒక మనిషి ఏదో అడుగుతాడని నా నోరు మూయించారు. బాపు నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "లోపట అనుకో బిడ్డా. పెదవులు కదలకుంట అనుకో," అన్నాడు.

లోపల అనుకున్నాను. అనుకుంటూ అనుకుంటూ కథంతా నా లోపల నిండిపోయింది. లైబా ఇంకా కాగితం చూస్తున్న రోజుల్లోనే మనుమల పేర్లు, మనుమరాలి మొగుడి పేరు కూడా నాకు నీళ్లలా వచ్చేశాయి.

పోటీకి ముందు మా బడిలో ప్రార్థన అయ్యాక అందరి ముందు ఒకసారి చెప్పమన్నారు. లైబా తల్లి కుట్టిచ్చిన నీలం లంగా ఓణీ వేసుకుని వచ్చింది. ఆమె పుల్ల ఎత్తగానే ఆరో తరగతి పిల్లలు కూడా గుసగుసలు ఆపేశారు. అలల దగ్గర ఆమె ఒంటికాలి మీద ఊగింది. పడవ తిప్పిన దగ్గర వెనక్కి తిరిగి చూసింది. సార్లందరూ ఒకరినొకరు చూసుకుని తలలు ఊపారు. వంశం మొదలైంది.

"దొరసాని కెలెయా, ఆమె బిడ్డ..." అని ఆగింది. మరిచిపోయి కాదు. బాపు చెప్పినట్టు జనం ముఖాలు చూడడానికి ఆగింది. పెదవి చివర చిన్న నవ్వు.

నేను "బిడ్డ పేరేంది?" అని అడగాలి. అది నా పని. నేను అడగలేదు.

"లయిలొహెలొహె!" అన్నాను. అక్కడ ఆగినా బాగుండేది. "ఆమెను చేసుకున్నది మేనబావ పియిలాని, వాళ్ల కొడుకులు లోనో, కిహా, బిడ్డ పియికెయా, పియికెయా మొగుడు పెద్ద దీవి దొర ఉమి..." అని ఊపిరి తియ్యకుండా చివరి దాకా చెప్పేశాను. చెబుతున్నప్పుడు ఎవరో నా వీపు మీద చెయ్యి పెట్టి తోస్తున్నట్టుంది. చెప్పడం అయిపోయాక చూస్తే లైబా పుల్ల గాలిలోనే ఉంది. పిల్లలు నవ్వారు. ఎవరో "వంత ముందట, కత ఎన్క!" అని అరిచారు.

లైబా నాతో మాట్లాడకుండా తిన్నగా మా ఇంటికి పోయింది. నేను పోయేసరికి అరుగు మీద కూర్చుని ఏడుస్తోంది.

"చూడు కాకా, నీ బిడ్డ నా నోట్లకెల్లి గుంజుకున్నది! అందరి ముంగట నన్ను పిచ్చిదాన్ని చేసింది!"

"ఏమే?" అన్నాడు బాపు నాతో.

నేను చెప్పులు విడిచి గోడకు ఆనుకున్నాను.

"ఇప్పుడు చూడు ఎట్ల నోరు మూసుకున్నదో. ఆడ మాత్రం బస్సు హారన్ లెక్క మొత్తుకున్నది," అంది లైబా.

బాపు నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. "మొత్తం చెప్పిందా? తప్పుల్లేకుంట?" అని లైబానే అడిగాడు.

"ఒక్క తప్పు పోలే కాకా," అంది లైబా ముక్కు తుడుచుకుంటూ. "గదే నా కోపం."

బాపు చిన్నబాపుకు ఫోన్ చేశాడు. అతను వచ్చాక అరుగు మీద చాప పరిచి, మమ్మల్నిద్దరినీ చెరో పక్క కూర్చోబెట్టాడు. ఊళ్లు పంచుకున్నప్పుడు వాళ్లు కూడా అలాగే కూర్చున్నారట.

"రామచంద్రం, ఈ సముద్రపు దొరసాని కత మీద మిరాశి ఎవలది?"

"ఎవలదీ కాదు. ఏ ఊర్ల చెప్తే ఎవలిస్తరు? ఆ దేశపోళ్లను అడుగుదమా?"

"అయితే మన పొల్ల చెప్పవచ్చు గద?"

చిన్నబాపు గడ్డం గోక్కున్నాడు. "మరి అల్లుడొచ్చి అడిగితే?"

"అడిగితే సముద్రం చూపిద్దం. ఈదుకుంట పోయి ఆ దీవుల వాటా తెచ్చుకోమందం."

అవ్వ చాట పక్కన పెట్టి నవ్వింది. చిన్నబాపు నవ్వకూడదని చూసి, చూసి, నవ్వేశాడు. కానీ వెంటనే, "పుల్ల మాత్రం ఇయ్యద్దన్నా. పుల్ల మన కతది. ఆమెకు వేలున్నది గద, వేలు పెట్టి చూపిస్తది," అన్నాడు.

బాపు ఒప్పుకున్నాడు. లైబా చేతిలో పుల్ల ఉంటుంది, నా చేతికి వేలుంటుంది. అది కూడా పంపకంలో భాగమే.

"ఇగ ఇనుండ్రి ఇద్దరు. పుట్టినకాడికెల్లి రెండో పెండ్లి దాక దొరసాని బతుకు. అది లైబాది. అటెన్క వంశం. అది మమతది. ఒకలు చెప్తుంటే ఇంకొకలు వంత. వాగు దాటి ఒకల దాంట్లకు ఇంకొకలు పోవద్దు. ఒప్పుకున్నట్టేనా?"

లైబా ఒప్పుకుంది. నేను తల ఊపాను. కోరుకున్నది దొరికిన రోజున సంతోషం ఉండాలి. నాకు అది ఆ సాయంత్రం దాకా కూడా నిలవలేదు. అలలు లైబాకు పోయాయి. పలక, పడవ, ఎత్తుకుపోవడం, గుట్టల మీద దుఃఖం, మళ్లీ ఒడ్డుకు రావడం, అన్నీ ఆమెకే. నాకు వచ్చింది పేర్లు. బియ్యం ఒకరికి పోసి, బస్తా మీది అక్షరాలు ఇంకొకరికి ఇచ్చినట్టుంది. బాపు తన బిడ్డకే తక్కువ భాగం పెట్టాడని కుళ్లుకుంటూ పడుకున్నాను.

మరునాడు అవ్వ బీడీలు చుడుతుంటే ఎదురుగా కూర్చుని నా భాగం చెప్పుకున్నాను. ఇప్పుడు పెదవులు కదపవచ్చు. లయిలొహెలొహెను మావుయికి ఇచ్చిన దగ్గర అవ్వ చెయ్యి ఆగింది.

"మావుయి అంటే ఆ కెలెయాను ఎత్తుకపోయిన ఊరే గద?"

"ఆఁ. ఆమె పుట్టిన దీవి."

"మరి ఆమె మళ్ల తల్లిగారింటికి పోయిందా ఎన్నడన్న?"

"కాగితాలల్ల లేదవ్వా."

అవ్వ తల్లిగారిల్లు నస్పూర్. బస్సెక్కితే సాయంత్రానికి పోవచ్చు. అయినా బీడీల లెక్కలు, మా బడి, బాపు తిరుగుళ్లు, ఏదో ఒకటి అడ్డం వచ్చి పండుగకు కూడా పోలేదు.

"ఆమె పోకపోతేంది, బిడ్డ పోయింది గద," అంది అవ్వ. "తల్లిని పడవల తీసుకపోయిన నీళ్ల మీదనే బిడ్డ కోడలై ఎనుకకు పోయింది. ఆ అన్న ఒడ్డుకొచ్చి నిలబడి చూసి ఉంటడు. చెల్లె మొఖం కనవడి ఉంటది పిల్లల."

ఆ మాట అని అవ్వ ఏడవలేదు. ఆకు ముక్కను రెండుసార్లు తిప్పి, తంబాకు పోసి చుట్టింది. నేను ఆ పేర్లను మళ్లీ మొదటి నుంచి చూసుకున్నాను. లైబా భాగంలో కెలెయా పోయింది. నా భాగంలో తిరిగి వచ్చింది. ఈ సంగతి లైబాకు చెప్పలేదు. వంత నేర్చుకోవడానికి వచ్చినప్పుడు కూడా ఉత్త పేర్లే గబగబా చెప్పి పంపించాను. తెలిస్తే తనే బాగా చెబుతుంది కాబట్టి.

కరీంనగర్‌కు బస్సులో పోయాం. సార్, లైబా, నేను, పటం చంకలో పెట్టుకుని బాపు. హాలు పెద్దది. ముందు వరుసల్లో జడ్జీలు, వెనక వేరే బళ్ల పిల్లలు, వాళ్ల వెంట వచ్చిన తల్లులు. మా కన్నా ముందు చెప్పినవాళ్ల కంఠం ఖంగున మోగింది. మైకు చూడగానే నేను సార్ వెనక్కి జరిగాను.

లైబా తన భాగం చెప్పింది. నేను వంత సరిగ్గా పాడాను, ఒక్కసారీ వాగు దాటలేదు. అల ఎక్కినప్పుడు వెనక వరుసల పిల్లలు లేచి నిలబడ్డారు. అయిపోగానే చప్పట్లు ఎంతసేపు కొట్టారంటే, నా భాగం ఇంకా ఉందని వాళ్లకు తెలియదేమో, ఇదే ముగింపు అనుకున్నారేమో అనిపించింది. లైబా పుల్ల బాపుకు ఇచ్చేసి వచ్చి వంత చోట నిలబడింది. చెంపలు ఎర్రగా ఉన్నాయి, ఊపిరి ఇంకా ఎగురుతోంది.

నేను పటం ముందుకు వచ్చి వేలు ఎత్తాను. "దొరసాని కెలెయాకు..." అన్నాను. అంతే. తర్వాతి మాట తెలుసు, పైకి రాలేదు. హాలంతా నా వేలునే చూస్తోంది.

"బిడ్డ పుట్టిందా, కొడుకు పుట్టిండా?" అని అడిగింది లైబా. వంత అలా లేదు, తనే కల్పించింది.

నా చూపు పటం మీది అలలకే పోయింది.

"పేరేంది? చెప్పవేందే? గంత దూరంకెల్లి బస్సెక్కి వచ్చి అడుగుతున్న గద!"

హాలు నవ్వింది. అది కథలోదే అనుకున్నారు. నేను లైబా వైపు చూశాను. ఆమె పెదవులు సగం తెరిచి ఉన్నాయి. పేరు ఆమె నాలుక మీద ఉంది, నాకు కనపడుతోంది. ఆ రోజు బడిలో నేను చేసిన పని ఇప్పుడు తను చేస్తే ఎవరూ తప్పు పట్టరు. పైగా స్నేహితురాలిని కాపాడిందంటారు. ఇంకో క్షణం ఆగితే నాకున్న ఒక్క భాగమూ ఆమెదే అవుతుంది.

నాకు ధైర్యం వచ్చిందని చెప్పను. ఇవ్వబుద్ధి కాలేదు.

"బిడ్డ! లయిలొహెలొహె!" అన్నాను.

"ఎవరి బిడ్డ?"

"అలల మీద నిలబడిన కెలెయా బిడ్డ."

"ఎక్కడికిచ్చిండ్రు?"

"తల్లిని ఏ దీవికెల్లి ఎత్తుకపోయిండ్రో, ఆ దీవికే ఇచ్చిండ్రు. తల్లి పోయిన నీళ్ల మీదనే బిడ్డ పడవెక్కి ఎనుకకు పోయింది. మేనమామ ఒడ్డుకు నిలబడ్డడు. చెల్లె పోయిన దిక్కే చూసుకుంట ముసలోడయిండు. పడవ దిగిన పిల్లల చెల్లె మొఖం చూసిండు."

హాల్లో తల్లులు కూర్చున్న వైపు నుంచి ఎవరో "అయ్యో బిడ్డా" అన్నారు. లైబా ఒక్క క్షణం వంత మరిచిపోయి నన్ను చూసింది. ఇది ఆమెకు నేను చెప్పనిది. తర్వాత తేరుకుని, "పెనిమిటెవరు?" అంది. మేనబావ అనగానే హాలంతా ఆఁ అంది. లోనో, కిహా, పియికెయా, ఉమి, ఒక్కొక్కరికీ ఆమె అడిగింది, నేను చెప్పాను. ఏ పేరునూ తొందరపెట్టలేదు. ఆమె అడిగిన తీరుకు పేరు చెప్పడం తేలికయింది. వంత కూడా నాకన్నా బాగా పాడుతుందని అక్కడ నిలబడే కుళ్లుకున్నాను.

మాకు మూడో బహుమతి వచ్చింది. బయటకు రాగానే బాపు లైబా తల మీద చెయ్యి పెట్టి, "నిలబెట్టినవ్ బిడ్డా" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మనుమల పేర్లకాడ ఊపిరి తియ్యలే నువ్వు. లోనో అన్నంక ఊపిరి తియ్యాలె. లేకుంటే ఆఖరుకు గొంతు సన్నగైతది. సన్నగైంది గూడ. ఇంటికి పోయినంక చెప్త, కూసో."

మెచ్చుకోలేదు. కానీ ఇంతవరకు కథ విషయంలో నన్ను ఎన్నడూ తప్పు పట్టలేదు ఆయన. నేర్పనిదానికి తప్పు ఎలా పడతారు? ఆ మాటను బస్సు దాకా నోట్లో చప్పరించుకుంటూ పోయాను.

బస్సులో లైబా నా పక్కనే కూర్చుంది. ఊరు దాటాక మోచేత్తో పొడిచింది.

"ఆ మేనమామ ఒడ్డుకు నిలబడ్డ ముచ్చట యాడికెల్లి తెచ్చినవే?"

"మా అవ్వ."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే."

"దొంగ మొఖందానా! అందరు నన్ను చూసి చప్పట్లు కొట్టిండ్రు, నిన్ను చూసి ఏడ్సిండ్రు. ఆ వెనకాల ఎర్ర చీర ఆమె నీ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నది, చూసిన నేను. నా చెయ్యి ఎవ్వలు పట్టుకోలే."

ఆమె ముఖం కిటికీ వైపు ఉంది. ఆ ముఖం మీదిది ఏమిటో నాకు బాగా తెలుసు. ఎదుటివాళ్లలో దాన్ని చూడడం అదే మొదలు.

"మమతా, మారుద్దమానే?" అంది. "మళ్లెప్పుడన్న చెప్పుమంటే బతుకు నువ్వు చెప్పు, వంశం నాకియ్యి. అలలన్నీ నీకే. పుల్ల గూడ మీ బాపును నేనడుగుత."

అలలు, పడవ, పుల్ల. ఇన్ని రోజులు నేను కుళ్లుకున్నవన్నీ ఆమె తెచ్చి నా ఒడిలో పోస్తోంది. ముందు సీట్లో బాపు తల కొంచెం ఇటు తిరిగింది.

"ఇయ్య," అన్నాను.

"ఒక్కసారి. ఒక్కటంటే ఒక్కసారి."

"ఇయ్యనంటే ఇయ్య."

నా గొంతుకు కండక్టర్ కూడా వెనక్కి తిరిగి చూశాడు.